మంచు వయసు వేరు, అందులోని గాలి వయసు వేరు: తెలుగు పత్రికల డెస్కులకు బహిరంగ లేఖ

తెలుగు దినపత్రికల్లో, చానెళ్లలో, వార్తా వెబ్‌సైట్లలో డెస్కు పని చేస్తున్న మిత్రులకు,

నమస్కారం.

అంటార్కిటికా మంచు గురించి ఏదైనా వార్త వచ్చినప్పుడు మన దగ్గర రెండు రకాల రాతలు కనిపిస్తాయి. మొదటిది "8 లక్షల ఏళ్ల నాటి గాలి దొరికింది" అనే బాక్స్ ఐటమ్. రెండోది ఆ తర్వాత వాట్సాప్‌లో తిరిగే ఫార్వర్డ్: "ముందు వేడి పెరిగింది, 800 ఏళ్ల తర్వాతే కార్బన్ డయాక్సైడ్ పెరిగింది. ఈ మాట ఐస్ కోర్లే చెబుతున్నాయి. కాబట్టి భూతాపం అంతా బూటకం." మొదటిది నిజమే కానీ సగమే. ఆ మిగతా సగం ఎవరూ రాయకపోవడం వల్లే రెండోది బతుకుతోంది. ఆ సగం ఏమిటో, ఏజెన్సీ కాపీని తిరగరాసేటప్పుడు ఏ మాట దగ్గర కలం ఆపాలో చెబుదామని, ధ్రువాల మంచు గురించీ పాతకాలపు వాతావరణం గురించీ తెలిసినవాళ్లం కొందరం ఈ లేఖ రాస్తున్నాం.

బోరు వేయడం చూడని ఊరు మనకు లేదు కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడదాం. మన రిగ్గు రాయిని పొడి చేసి గాలితో పైకి ఊదేస్తుంది. నీళ్లు పడితే చాలు, ఆ పొడి ఎటు పోయినా ఎవరికీ పట్టదు. ఐస్ కోర్ (లోతు మంచులోంచి కోసి తీసే కడ్డీ) తీసే డ్రిల్లుకు ఇది సరిగ్గా తిరగబడుతుంది. మధ్యలోని మంచు చెక్కుచెదరని కడ్డీలా పైకి రావాలి, చుట్టూ తెగిన పొడి మాత్రం చెత్త. ఉక్కు తీగకు వేలాడే పొడవాటి గొట్టం, దాని మూతికి కత్తులు, లోపల సుమారు 10 సెంటీమీటర్ల వ్యాసంతో మంచు కడ్డీ. ఒక దఫాకి మూడు మీటర్లు వస్తే మంచి దఫా. ఆపైన గొట్టంలోని కొక్కేలు కడ్డీని పట్టుకుంటాయి. తీగ లాగితే అడుగున మంచు పుటుక్కున విరుగుతుంది. మూడు వేల మీటర్ల లోతు నుంచైతే దించి ఎత్తడానికే గంటకు పైగా పడుతుంది. తర్వాత మళ్లీ మరో మూడు మీటర్లు.

రంధ్రాన్ని ఖాళీగా వదిలితే చుట్టూ ఉన్న మంచు దాన్ని మెల్లగా నొక్కి మూసేస్తుంది. అందుకని మంచుతో సమానమైన సాంద్రత ఉండే ద్రవం నింపుతారు. తూర్పు అంటార్కిటికాలోని డోమ్ సీ దగ్గర కిరోసిన్ రకం ద్రవంలో బరువు పెంచే మరో ద్రావకం కలిపి వాడారు. గ్రీన్‌లాండ్‌లో తర్వాతి బోర్లకు కొబ్బరి నూనె నుంచి తయారైన ఎస్టర్ వాడారు. పైనున్న సుమారు 100 మీటర్లకు మన బోరుకు వేసినట్టే కేసింగ్ తప్పదు, ఎందుకంటే అక్కడి మంచు ఇంకా గుల్లగానే ఉండి ద్రవాన్ని పీల్చేస్తుంది.

ఇంత చేసినా బోరు చెడుతుంది. యూరప్ దేశాలు కలిసి చేసిన ఎపికా ప్రాజెక్టు డోమ్ సీ దగ్గర 1996లో మొదలుపెట్టిన బోరులో 788 మీటర్ల దగ్గర డ్రిల్లు ఇరుక్కుపోయింది. ఎంత లాగినా రాలేదు. దాన్ని అక్కడే వదిలి, పక్కనే కొత్త రంధ్రం మొదటి నుంచి వేశారు. ఆ రెండో బోరే 2004 డిసెంబరులో సుమారు 3,270 మీటర్లకు చేరింది. మీరు రాసే "8 లక్షల ఏళ్ల" వార్త ఆ కడ్డీదే. ఆఖరి వంద మీటర్లలో ఇంకో తంటా ఉంటుంది. భూగర్భపు వేడికి అడుగున మంచు కరిగే స్థితికి దగ్గరగా ఉంటుంది కాబట్టి కత్తుల దగ్గర పొడి కరిగి మళ్లీ గడ్డకట్టి వాటికే అంటుకుపోతుంది. అప్పుడు ఆల్కహాల్ కలిపిన నీళ్లు దించి విడదీస్తారు.

సుమారు 600 నుంచి 1,200 మీటర్ల మధ్య మంచు పెళుసుగా ఉంటుంది. బుడగల్లో ఇరుక్కున్న గాలి చుట్టూ ఉన్న మంచు ఎంత నొక్కుతోందో అంత ఒత్తిడి మీద ఉంటుంది. కడ్డీ పైకి రాగానే బయటి ఒత్తిడి పోయి, అది చిటపటమంటూ పగుళ్లిస్తుంది. కాబట్టి వెంటనే కోయరు. ట్రేల్లో పెట్టి నెలల తరబడి, కొన్నిసార్లు ఏడాది దాకా వదిలేస్తారు. ఇంకా లోతుకి పోతే బుడగలే కనిపించవు. ఆ ఒత్తిడికి గాలి అణువులు మంచు స్ఫటికాల్లో ఇమిడిపోతాయి. "బుడగలున్న 8 లక్షల ఏళ్ల మంచు" అని మీ ఫొటో కింద రాసిన రోజున, ఆ ఫొటో బహుశా పై పొరల్లోని ముక్కదై ఉంటుంది.

ఇక లోతు, వయసుల లెక్క. 3,270 మీటర్లను 8 లక్షలతో భాగించి "ఏడాదికి 4 మిల్లీమీటర్ల మంచు" అని గ్రాఫిక్ వేయకండి. కింది పొరలు పైబరువుకి పక్కలకు జారి పలచబడతాయి. డోమ్ సీలో సుమారు 1,740 మీటర్ల దాకా ఉన్నది 1.3 లక్షల ఏళ్లే. దాని కిందున్న 1,500 మీటర్లలో దాదాపు 6.7 లక్షల ఏళ్లు ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. పడిన మంచు వెంటనే గడ్డ కాదు. కొత్తగా దూది నింపిన పరుపులో గాలి ఎలా ఆడుతుందో, పై పొరల్లో గాలి అలా పైకీ కిందకీ తిరుగుతూ ఉంటుంది. ఈ దశలోని మంచును ఫిర్న్ అంటారు. ఉపరితలం దగ్గర ఘనమీటరు సుమారు 350 కిలోలు తూగే మంచు, కిందకు పోయేకొద్దీ అణగి 830 కిలోల దగ్గరకొచ్చాకే సందులు మూసుకుని గాలి బుడగల్లో ఖైదవుతుంది. డోమ్ సీలో ఆ లోతు సుమారు 100 మీటర్లు. అక్కడ ఏడాదికి పడే మంచును కరిగిస్తే 2.5 సెంటీమీటర్ల నీరు. అనంతపురం ఎంత కరువు జిల్లా అన్నా, ఏడాది మొత్తానికి ఒక్క అంగుళం వాన ఎవరూ చూసి ఉండరు. 100 మీటర్ల ఫిర్న్ సగటు సాంద్రత నీటిలో 65 శాతం అనుకుంటే 65 మీటర్ల నీరు. దాన్ని 2.5 సెంటీమీటర్లతో భాగించండి. 2,600 ఏళ్లు. అంటే గాలి బంధింపబడే చోట చుట్టూ ఉన్న మంచు పడి సుమారు 2,600 ఏళ్లయింది. లోపలి గాలి మాత్రం పైనున్న గాలితో మొన్నమొన్నటి దాకా కలుస్తూ వచ్చినదే. హిమయుగంలో మంచు ఇంకా తక్కువ పడేది కాబట్టి మంచు వయసుకీ గాలి వయసుకీ మధ్య ఈ ఎడం సుమారు రెట్టింపయ్యేది.

ఎడం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. అంటార్కిటికా తీరానికి దగ్గర్లోని లా డోమ్ దగ్గర ఏడాదికి మీటరుకు పైగా మంచు చేరుతుంది. అక్కడ ఎడం 30 ఏళ్ల పరిధిలోనే ఉంటుంది. అందుకే అక్కడి బుడగల్లోని కార్బన్ డయాక్సైడ్ లెక్కలు, హవాయిలోని మౌనా లోవాలో 1958 నుంచి నేరుగా గాలిలో కొలుస్తున్న లెక్కలతో అతుకు కనిపించకుండా కలిశాయి. బుడగలను నమ్మొచ్చా అని అడిగేవాళ్లకు మేము ముందు చూపించేది ఆ అతుకునే.

ఇప్పుడు ఆ 800 ఏళ్ల ఫార్వర్డ్‌కి వద్దాం. ఉష్ణోగ్రతను మంచు నుంచి లెక్కిస్తారు. కార్బన్ డయాక్సైడ్‌ను గాలి నుంచి లెక్కిస్తారు. ఒకే ముక్కలో ఉన్నా వీటి మధ్య వేల ఏళ్ల ఎడం ఉంది. ఆ ఎడాన్ని అంచనా వేయడంలో వెయ్యేళ్ల తప్పు వస్తే, "ఏది ముందు, ఏది వెనక" అన్న జవాబు తారుమారవుతుంది. అంటార్కిటికాలో రష్యా వాళ్లు తీసిన వోస్తోక్ కోర్‌లో ఈ చిక్కును దాటడానికి 2003లో ఫ్రెంచ్ బృందం ఒకటి మంచును పక్కనబెట్టి, ఉష్ణోగ్రత సూచనను కూడా గాలిలోనే వెతికింది. బుడగల్లోని ఆర్గాన్ ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉండే రకాలు) అందుకు పనికొచ్చాయి. రెండూ ఒకే గాలిలోవి కాబట్టి ఎడం సమస్య లేదు. సుమారు 2.4 లక్షల ఏళ్ల కిందట ఒక హిమయుగం ముగిసినప్పుడు కార్బన్ డయాక్సైడ్ అంటార్కిటికా వేడికి 800 ఏళ్లు వెనకబడిందని, అటూ ఇటూ 200 ఏళ్లు తేడా ఉండొచ్చని తేలింది. ఫార్వర్డ్‌లోని 800 ఇక్కడిదే. అంకె దొంగది కాదు. దాన్ని వాడిన తీరే దొంగది.

ఆ అంకె ఒక్క ముగింపుకి, ఒక్క చోటికి సంబంధించినది. చివరి హిమయుగం ముగిసిన సమయాన్ని 2013లో ఇంకొక బృందం నత్రజని ఐసోటోపుతో చూసింది. ఫిర్న్‌లో కదలని గాలి నిలువున ఉన్నప్పుడు బరువైన నత్రజని అడుగుకు కొంచెం ఎక్కువగా చేరుతుంది. ఆ తేడా కొలిస్తే ఫిర్న్ ఎంత లోతు ఉండేదో తెలుస్తుంది, దాన్నుంచి ఎడమూ తెలుస్తుంది. అలా లెక్కిస్తే అంటార్కిటికా వేడి, కార్బన్ డయాక్సైడ్ దాదాపు కలిసే లేచాయి. అంతకు ముందు ఏడాది, 2012లో, భూమ్మీద 80 చోట్ల నుంచి తీసిన ఆధారాలను కలిపి ప్రపంచ సగటు ఉష్ణోగ్రతను కట్టారు. ఆ సగటు కార్బన్ డయాక్సైడ్ తర్వాతే పెరిగింది. అంటార్కిటికా ముందు, ప్రపంచం వెనక.

ఇందులో వింత లేదు. భూకక్ష్యలో వచ్చే నెమ్మదైన మార్పు ఉత్తరాన వేసవి ఎండను పెంచింది, అక్కడి మంచు పలకలు కరిగాయి, ఆ మంచినీరు అట్లాంటిక్‌లో వేడిని ఉత్తరానికి మోసే ప్రవాహాన్ని మందగింపజేసింది, వేడి దక్షిణాన నిలిచిపోయింది, దక్షిణ సముద్రం తనలోని కార్బన్ డయాక్సైడ్‌ను వదిలింది, అది మిగతా ప్రపంచాన్ని వేడెక్కించింది. మొదటి తోపు కక్ష్యది, తర్వాతి పెద్ద తోపుల్లో ఒకటి వాయువుది. ఇప్పుడు మొదటి తోపే వాయువుది. కోడి ముందా గుడ్డు ముందా అని ఫార్వర్డ్ అడిగే ప్రశ్నకు, గుడ్డులోంచి కోడి రావడం కోడి గుడ్డు పెట్టలేదనడానికి సాక్ష్యం కాదని చెప్పడం తప్ప ఏం చేస్తాం?

కాబట్టి మీ కాపీలో "వేడి తర్వాతే కార్బన్" అన్న మాట వస్తే దేని వేడి, ఏ హిమయుగపు ముగింపు, వయసు మంచుదా గాలిదా అని చూడండి. ఈ మూడూ లేని వాక్యం అచ్చుకి పనికిరాదు.

కొలిచే తీరు గురించి కూడా కాస్త. కార్బన్ డయాక్సైడ్ కోసం మంచును కరిగించరు. కరిగిస్తే మంచులోని సున్నపు ధూళి, ఆమ్లం నీటిలో కలిసి కొత్తగా కార్బన్ డయాక్సైడ్ పుట్టిస్తాయి. అందుకని ఎనిమిది గ్రాముల ముక్కను గాలి తీసేసిన గదిలో, గడ్డకట్టే చలిలోనే సూదులతో పిండి చేసి, వెలువడిన గాలిని లేజరుతోనో గ్యాస్ క్రొమటోగ్రాఫుతోనో కొలుస్తారు. మీథేన్‌కైతే కరిగించినా ఇబ్బంది లేదు. ఈ సున్నపు ధూళి గొడవ వల్లే గ్రీన్‌లాండ్ కోర్ల కార్బన్ డయాక్సైడ్ లెక్కలను ఎవరూ ప్రమాణంగా తీసుకోరు. ఆసియా ఎడారుల దుమ్ము అక్కడికి ఎక్కువగా చేరుతుంది, బుడగల్లోనే అదనపు వాయువు పుట్టి అంటార్కిటికా లెక్క కన్నా 20 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు ఇన్ని పాళ్లు) దాకా ఎక్కువ చూపిస్తుంది. "గ్రీన్‌లాండ్ మంచులో పాతకాలపు కార్బన్ డయాక్సైడ్ ఇంత" అని కాపీలో కనిపిస్తే అనుమానించండి. అంటార్కిటికా బదులు పొరబాటున గ్రీన్‌లాండ్ అని పడిందా అని ముందు చూడండి.

ఉష్ణోగ్రతకు వస్తే, మంచులో థర్మామీటరు లేదు. నీటిలోని ఆక్సిజన్ పరమాణువుల్లో సుమారు 500కి ఒకటి బరువైన రకం, ఆక్సిజన్-18. మేఘం చల్లబడుతూ ధ్రువం వైపు పోయేకొద్దీ బరువైన నీటిని ముందే కురిపించేస్తుంది. చివరికి పడే మంచులో అది తగ్గుతుంది. ఎంత చల్లగా ఉంటే అంత తగ్గుతుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త విల్లీ డాన్స్‌గార్డ్ 1952లో కోపెన్‌హాగెన్‌లో ఇంటి పెరట్లో ఖాళీ బీరు సీసా మీద గరాటు పెట్టి వాన నీళ్లు పట్టి చూసింది ఈ తేడానే. కానీ తేడాను డిగ్రీల్లోకి మార్చే సూత్రం నేటి మంచును చూసి కట్టినది, నిన్నటికి అదే వర్తిస్తుందన్న హామీ లేదు. గ్రీన్‌లాండ్‌లో ఇది గట్టిగా బయటపడింది. 1990ల్లో బోరు రంధ్రం పొడవునా మంచు ఉష్ణోగ్రతను నేరుగా కొలిస్తే, హిమయుగపు చలి ఇప్పటికీ లోపల మిగిలి ఉంది. దాన్నుంచి వెనక్కి లెక్కగడితే అక్కడ హిమయుగంలో ఇప్పటి కన్నా 20 డిగ్రీలకు పైగా చల్లగా ఉండేదని తేలింది. ఐసోటోపు సూత్రం అందులో సగం మాత్రమే చెప్పింది. కారణం, హిమయుగపు చలికాలాల్లో అక్కడ మంచు చాలా తక్కువ పడేది. పడని మంచు సాక్ష్యం చెప్పదు కదా. మిగిలింది ఎక్కువగా వేసవి మంచు, అది వెచ్చని లెక్కే ఇచ్చింది. తూర్పు అంటార్కిటికాలో తప్పు దీనికి ఎదురు దిక్కున జరిగింది. అక్కడి చలిని చాలాకాలం 9 డిగ్రీల దరిదాపుల్లో చెప్పేవారు, 2021లో ఫిర్న్ ఆధారంగా, బోరు రంధ్రాల ఉష్ణోగ్రత ఆధారంగా చూస్తే 4 నుంచి 7 డిగ్రీలే అని వచ్చింది. డిగ్రీల అంకె రాసేటప్పుడు ఏ పద్ధతి అన్నది నాలుగు మాటల్లో పెట్టండి. దానికి పట్టే స్థలం ఎంత?

ఇదే కొలతను మన దగ్గరి వాన నీటికి వాడితే ఇంకో బోల్తా పడతారు. హైదరాబాద్‌లోనో, విశాఖలోనో పడే రుతుపవన వానలో ఆక్సిజన్-18 తగ్గడం ఎక్కువగా ఎంత వాన పడింది, తేమ ఎటు నుంచి వచ్చింది అన్నదాన్ని బట్టి ఉంటుంది, చలిని బట్టి కాదు. మేఘాలయలోని మామ్లూ గుహ రాతి పొరల్లో ఇదే ఐసోటోపును చదివి 4,200 ఏళ్ల కిందట రుతుపవనాలు బలహీనపడ్డాయని చెప్పారు. భూగర్భ కాలమానంలో మనం ఇప్పుడున్న దశకు మేఘాలయన్ అని పేరు వచ్చింది అందువల్లే. దానికి ముందున్న రెండు దశల హద్దు గుర్తులు మాత్రం గ్రీన్‌లాండ్ మంచులో ఉన్నాయి. ప్రస్తుత యుగం, హోలోసీన్, మొదలైన గీత నార్త్‌గ్రిప్ కోర్‌లో 1,492.45 మీటర్ల లోతున ఉంది. ఒక యుగం ఆరంభానికి సెంటీమీటరు ఖచ్చితత్వంతో చిరునామా ఉండటం మాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

ఆ ఆరంభం తేదీ 11,700 ఏళ్ల కిందట. ఎప్పటికి? 2000 సంవత్సరానికి. ఐస్ కోర్ కాగితాల్లో రెండు రకాల "కిందట" ఉంటాయి. ఎక్కువ చోట్ల "ప్రస్తుతం" అంటే 1950, కొన్ని గ్రీన్‌లాండ్ లెక్కల్లో 2000. లక్షల ఏళ్ల వార్తల్లో 50 ఏళ్లు తేలిపోతాయి. కానీ ఇదే 50 ఏళ్లు ఒక పెద్ద మోసానికి ఇల్లయింది. జిస్ప్2 అనే గ్రీన్‌లాండ్ కోర్ గ్రాఫ్ ఒకటి ఏళ్ల తరబడి సోషల్ మీడియాలో తిరుగుతోంది. పదివేల ఏళ్లలో వేడి ఎన్నోసార్లు ఇప్పటి కన్నా ఎక్కువే ఉండేదన్నట్టు, కుడి చివర "నేడు" అని బాణం గుర్తుతో. ఆ డేటాలో చివరి చుక్క 95 ఏళ్ల "కిందటిది". 1950లోంచి 95 తీసేయండి. 1855. మన దగ్గర సిపాయిల తిరుగుబాటుకు రెండేళ్ల ముందు. పారిశ్రామిక యుగపు వేడి ఆ గ్రాఫ్‌లోకే రాలేదు. పైగా అది గ్రీన్‌లాండ్ నడినెత్తిన ఒకే ఒక్క చోటు. ఉత్తర, మధ్య గ్రీన్‌లాండ్ కోర్లను 2011 దాకా పొడిగించి 2023లో ప్రచురించిన పరిశోధన ప్రకారం 2001 నుంచి 2011 మధ్య అక్కడి సగటు, 20వ శతాబ్దపు సగటు కన్నా 1.5 డిగ్రీలు ఎక్కువ. ఫ్యాక్ట్ చెక్ పేజీలు చూసే మిత్రులు ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకుంటే చాలా ఫార్వర్డ్‌లు అక్కడికక్కడే రాలిపోతాయి.

వేగం గురించి మేమే ఒప్పుకోవాల్సిన పరిమితి ఒకటుంది. ఫిర్న్‌లో గాలి కలుస్తూ ఉంటుంది కాబట్టి, డోమ్ సీ లాంటి పొడి చోట ఒక ముక్కలోని గాలి ఒక్క ఏడాదిది కాదు, కొన్ని శతాబ్దాల మిశ్రమం. పదేళ్లు ఎగిసి పదేళ్లలో పడిపోయిన మార్పు ఏదైనా ఉంటే అందులో చదునైపోతుంది. "8 లక్షల ఏళ్లలో ఏ దశాబ్దంలోనూ ఇంత వేగం లేదు" అని డోమ్ సీ ఆధారంగా రాయడం అందుకే సరికాదు. వేగం కావాలంటే మంచు ఎక్కువ పడే చోటికి వెళ్లాలి. పశ్చిమ అంటార్కిటికాలోని వైస్ డివైడ్ అలాంటిది. 3,405 మీటర్ల కోర్, 68,000 ఏళ్లు. చివరి హిమయుగం ముగిసే దారిలో కార్బన్ డయాక్సైడ్ మూడుసార్లు ఉన్నట్టుండి ఎగిసినట్టు అందులో కనిపించింది. ఒక్కో ఎగుడు 10 నుంచి 15 పీపీఎం, పట్టిన సమయం రెండు శతాబ్దాల లోపు. ప్రకృతి సిద్ధమైన పరుగు అది. 2014 నుంచి 2024 మధ్య మౌనా లోవా దగ్గర పెరిగింది 25 పీపీఎంకి పైనే.

ఎత్తు విషయంలో మాత్రం డోమ్ సీ మాట గట్టిది. 8 లక్షల ఏళ్లలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 170కీ 300కీ మధ్యే ఊగింది. ఇప్పుడు 420 దాటింది. ఇలాంటి ఎగుడు ఎప్పుడైనా వచ్చి ఫిర్న్‌లో చదునై మనకు కనబడకుండా పోయిందేమో అంటే, పోలేదు. గాలిలో చేరిన అదనపు కార్బన్ డయాక్సైడ్‌లో పెద్ద భాగం వేల ఏళ్లు నిలుస్తుంది. అంత వెడల్పున్న గుర్తును ఫిర్న్ చెరపలేదు.

చిన్న సంగతులు రెండు. అంటార్కిటికా అంతా దక్షిణ ధ్రువం కాదు. మన మైత్రి కేంద్రం ధ్రువానికి రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది, భారతి కేంద్రం తీరం మీదే ఉంది. మన దేశం అక్కడ తీసినవి తీరప్రాంతాల్లో లోతు తక్కువ కోర్లు, కొన్ని వందల ఏళ్ల చరిత్రకు పనికొచ్చేవి. వాటిని గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రంలో సున్నాకు 20 డిగ్రీల దిగువన దాచి పరీక్షిస్తారు. వాటిని లక్షల ఏళ్ల కోర్లతో కలిపేయకండి. రెండోది: నీటి మీద తేలే సముద్రపు మంచు కరిగితే మట్టం దాదాపు మారదు, నేల మీది మంచు కరిగితేనే పెరుగుతుంది.

నంద్యాల జిల్లా డెస్కుకు ప్రత్యేకంగా ఒక మాట. బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో జ్వాలాపురం ఉంది. అక్కడి తెల్లటి బూడిద పొర కొన్నిచోట్ల రెండున్నర మీటర్ల మందం. ఊరి పేరు చూసి అగ్నిపర్వతం అక్కడే పేలిందని రాసే ప్రమాదం ఉంది కాబట్టి చెబుతున్నాం, అది సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలోని టోబా పేలినప్పుడు గాలిలో వచ్చి పడిన బూడిద. దాని పైనా కిందా రాతి పనిముట్లు దొరికాయి, అక్కడి మనుషులు ఆ విపత్తును దాటి ఉండొచ్చని 2007లో వచ్చిన పరిశోధన వాదించింది. అదే పేలుడు జాడను రెండు ధ్రువాల మంచులోనూ వెతికారు. అక్కడ కొలిచింది బూడిదను కాదు, సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని. గ్రీన్‌లాండ్ కోర్‌లో కొన్ని ఆమ్ల గీతలు ఏ ఎడంతో వరుసగా ఉన్నాయో, అంటార్కిటికా కోర్‌లోనూ అదే ఎడంతో అదే వరుస కనిపించింది. దాన్ని పట్టుకుని 2013లో రెండు ధ్రువాల కోర్లనూ ఆ కాలం దగ్గర జతకలిపారు. ఆ గీతల్లో టోబాది ఫలానాది అని ఒక్కదాని మీద వేలు పెట్టలేదు, కొన్నింటిని అభ్యర్థులుగా చూపారు. జ్వాలాపురం గురించి రాసేటప్పుడు "ఈ బూడిదే ధ్రువాల్లోనూ దొరికింది" అనకండి. "ఇదే పేలుడువని భావిస్తున్న ఆమ్లపు గీతలు ధ్రువాల మంచులో ఉన్నాయి" అనండి. మాట కాస్త పొడుగవుతుంది, నిజమవుతుంది.

ఇక రాబోయే కాపీ గురించి. డోమ్ సీకి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, లిటిల్ డోమ్ సీ దగ్గర యూరప్ బృందం 2025 జనవరిలో 2,800 మీటర్ల లోతున రాతిని చేరింది. కనీసం 12 లక్షల ఏళ్ల మంచు చేతికొచ్చిందని ప్రకటించారు. మంచు యుగాలు 41,000 ఏళ్లకోసారి వచ్చే లయ నుంచి లక్ష ఏళ్ల లయకు సుమారు 12 లక్షల నుంచి 9 లక్షల ఏళ్ల కిందటి మధ్యకాలంలో ఎందుకు మారాయో ఇప్పటికీ తేలలేదు. అప్పటి కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉండేదో ఈ కడ్డీ చెబుతుందనే ఆశ. ఫలితాలు విడతలుగా వస్తాయి. వచ్చినప్పుడు గమనించాల్సింది ఒకటుంది. ఆ లోతులో ఒక మీటరు మంచులో 13,000 ఏళ్ల దాకా ఇమిడి ఉన్నాయి. అంటే సెంటీమీటరుకు 130 ఏళ్లు. వేలెడు ముక్కలో వెయ్యేళ్లుంటాయి. ఇంకా అడుగున పొరలు మడతపడి వరుస తప్పి ఉండొచ్చు. అక్కడి "అతి పాత" ముక్క వయసు ఎంత పెద్దగా చెప్పినా, అది వరుస తప్పని చరిత్రలో భాగమా, విడి ముక్కా అని కాపీలో వెతకండి. అంటార్కిటికాలోని అలన్ హిల్స్ దగ్గర 2017లో 27 లక్షల ఏళ్ల నాటి మంచు దొరికిందని వచ్చిన వార్త నిజమే, కానీ అవి విడి ముక్కలు. వాటి వయసును వాటిలోని ఆర్గాన్‌తోనే లెక్కించారు. చిరిగిన పుస్తకంలో దొరికిన పాత పేజీ వేరు, వరుసగా చదవగలిగే పుస్తకం వేరు.

ఆ రోజు గ్రాఫిక్ వేసే మిత్రుడికి ఈ లేఖలో ఒక్క వాక్యమే చూపించే వీలుంటే ఇది చూపించండి: అడుగున కాలం గీత రెండుసార్లు గీయాలి, ఒకటి మంచు వయసుతో, దాని కింద మరొకటి గాలి వయసుతో, ఉష్ణోగ్రత రేఖ మొదటిదాని మీద, కార్బన్ డయాక్సైడ్ రేఖ రెండోదాని మీద.

ఇట్లు,
ధ్రువాల మంచు గురించి పనిచేసే కొందరు తెలుగువాళ్లం